ఉప్పు ఆఖర్న వేయండి

(శ్రీరామనవమికి ముందు ఆదివారం సాయంత్రం కాలనీ కమ్యూనిటీ హాల్లో జరిగిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని టైపు చేసినది.)

అందరికీ నమస్కారం. ఎండ ఇంకా తగ్గలేదు, అయినా ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. బల్ల మీద ఏముందో దగ్గరనుంచి కనపడితేనే నేను చెప్పేది తలకెక్కుతుంది.

మొదలుపెట్టేముందు ఒక చిన్న పని. ఇవిగో రెండు గాజు గిన్నెలు. రెండిట్లోనూ ఒకే కీర దోసకాయ ముక్కలు, ఒక్కో గిన్నెలో ఒక కప్పు. ఎడమవైపు గిన్నెలో అర టీస్పూను ఉప్పు వేసి కలుపుతున్నాను. కుడివైపు గిన్నెలో ఏమీ వేయట్లేదు. టైమెంతయింది బాబూ? ఆరూ పదా? సరే. రెండూ ఇక్కడే ఉంటాయి. వీటి సంగతి అరగంట తర్వాత చూద్దాం. ఎవరూ ముట్టుకోకండి, ముఖ్యంగా ముందు వరసలో పిల్లలు!

నన్ను పచ్చి కూరగాయల సలాడ్ గురించి మాట్లాడమన్నారు. ముప్పై ఏళ్లు ఆడపిల్లలకు గృహవిజ్ఞానం పాఠం చెప్పాను. ఆ ముప్పై ఏళ్లలో నన్ను అందరికంటే ఎక్కువ బాధపెట్టింది ఏమిటో చెప్పనా? వడలిపోయిన సలాడ్. పెళ్లి భోజనాల్లో చూడండి, పెద్ద పళ్లెంలో కీర చక్రాలు, క్యారెట్ చక్రాలు, ఉల్లిపాయ చక్రాలు పువ్వులా పేర్చి పెడతారు. పొద్దున తొమ్మిదింటికి కోసినవి, మధ్యాహ్నం రెండింటికి వడ్డిస్తారు. అంచులు ముడుచుకుపోయి ఉంటాయి, అడుగున నీళ్లు. ఎవరు తింటారండీ అది? ఒక ముక్క తీసుకుని ఆకు పక్కన పెడతాం, ఆకుతోపాటే పోతుంది. కాయ మంచిదే, డబ్బు పెట్టి కొన్నదే. పాడుచేసింది మనం.

అందుకని ఇవాళ నేను ఒకటే మాట చెప్తాను. తిప్పి తిప్పి అదే చెప్తాను, ఏమీ అనుకోకండి. నీళ్లు ముక్క లోపల ఉండాలి, బయట ఉండకూడదు. అంతే. కడగడం, ఆరబెట్టడం, తరగడం, ఉప్పు వేయడం, అన్నీ ఈ ఒక్క మాట చుట్టూ తిరిగేవే.

ముందు ఒక ప్రశ్న. సలాడ్ మనది కాదు, ఎక్కడినుంచో వచ్చింది అనేవాళ్లు చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. మరి నాలుగు రోజుల్లో నవమి వస్తోంది కదా, పందిట్లో పానకంతో పాటు ఏం పెడతారు? వడపప్పు. నానబెట్టిన పెసరపప్పు, అందులో సన్నగా తరిగిన కీర, పచ్చి మామిడి కోరు, కొబ్బరి, పచ్చిమిర్చి, కొత్తిమీర, నాలుగు చుక్కల నిమ్మరసం. పొయ్యి మీద ఏమైనా పెట్టామా? లేదు. కర్ణాటకలో, మన సీమ జిల్లాల్లో దాన్నే కోసంబరి అంటారు, పైన ఆవాల తిరగమోత వేస్తారు. ఇది సలాడ్ కాక మరేమిటి? కీర దోస పుట్టిల్లు కూడా మన దేశమే, హిమాలయాల కింది ప్రాంతం. ఇక్కడినుంచే ప్రపంచమంతా వెళ్లింది.

సరే, కరకర అంటే ఏమిటో చూద్దాం. దోసకాయలో నూటికి తొంభై అయిదు పాళ్లు నీళ్లేనని మీకు తెలిసే ఉంటుంది. మరి గ్లాసులో నీళ్లు కరకరలాడవు, దోసకాయ ఎందుకు కరకరలాడుతుంది? ఎప్పుడైనా ఆలోచించారా? ఆ నీళ్లు చిన్న చిన్న సంచుల్లో బిగించి ఉన్నాయి. కణాలు అంటాం. సైకిల్ ట్యూబులో గాలి కొట్టినట్టు, ప్రతి సంచిలోనూ నీళ్లు లోపలినుంచి గోడను తోస్తూ ఉంటాయి. మనం కొరికినప్పుడు ఆ బిగువు గోడలు ఒక్కసారి పగులుతాయి. ఆ పగిలే చప్పుడే కరకర. నీళ్లు బయటికి పోతే ట్యూబు మెత్తబడుతుంది, గోడ వంగుతుంది తప్ప పగలదు. అప్పుడు పంటి కింద రబ్బరులా సాగుతుంది. వడలిపోవడం అంటే ఇదే.

దీన్నిబట్టి ఒక మంచి కబురు కూడా ఉంది. వడలిన ఆకు చచ్చిపోయిన ఆకు కాదు. దానికి నీళ్లు తిరిగి పట్టించవచ్చు. నిన్న సాయంత్రం బండి మీద చివరికి మిగిలిన కొత్తిమీర కట్ట తెచ్చాను. తలకాయ వేలాడేసుకుని ఉంది. కాడల చివర్లు ఒక అంగుళం కోసేసి, చల్లటి నీళ్లున్న గ్లాసులో పూలకట్టలా నిలబెట్టాను. అరగంటలో ఎలా లేచిందో ఇదిగో చూడండి. కుండ నీళ్లయినా సరే, ఫ్రిజ్ నీళ్లయినా సరే. క్యారెట్ మెత్తబడిందా? చెక్కు తీసి పొడుగ్గా కోసి పావుగంట ఐసు నీళ్లలో వేయండి, మళ్లీ టక్కున విరుగుతుంది. గంటలకొద్దీ మాత్రం ఉంచకండి, నీళ్లలో కరిగే విటమిన్లు ఆ నీళ్లతోనే పోతాయి. ఇంకోటి, పసుపు పచ్చగా మారిన ఆకునీ జిగురు పట్టిన ఆకునీ ఏ నీళ్లూ బతికించవు. అది తీసి పారేయండి.

ఇప్పుడు కడగడం దగ్గరికి వద్దాం. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మనం వండటం లేదు. వండితే పొయ్యి మన తప్పుల్ని చాలావరకు కాస్తుంది. పచ్చిది తినేటప్పుడు మన చెయ్యే కాపాడాలి.

మా బంధువులింట్లో ఒక పెళ్లి. వంటవాళ్లు కొత్తిమీర కట్టలు తాడు కూడా విప్పకుండా డ్రమ్ములో ముంచి తీశారు, అలాగే బల్ల మీద పెట్టి తరిగేశారు. నేను పక్కనే ఉన్నాను, చూశాను. అది నా పని కాదులే అని ఊరుకున్నాను. పంక్తిలో మా పెదనాన్నగారు మొదటి చెంచా నోట్లో పెట్టుకుని ఆగిపోయారు. ఇసుక! ఎనభై ఏళ్ల మనిషి, ఆకు ముందు కూర్చుని, నోట్లోది మింగలేక, ఉమ్మలేక... ఆ ముఖం నాకిప్పటికీ గుర్తుంది. ఇసుక పంటికి తగిలింది కాబట్టి తెలిసింది. తెలియకుండా కడుపులోకి పోయేవి ఇంకెన్ని ఉంటాయో ఆలోచించండి. ఆ రోజునుంచి నేను ఎవరింట్లో ఉన్నా సరే, కట్ట తాడు విప్పారా అని అడుగుతాను.

కాబట్టి కట్ట విప్పండి. వేళ్లు కోసేయండి. పెద్ద గిన్నె నిండా నీళ్లు పోసి ఆకులు వదిలి, చేత్తో మెల్లగా అటూ ఇటూ ఆడించి రెండు నిమిషాలు వదిలేయండి. మట్టి అడుక్కి దిగుతుంది. ఇప్పుడు చాలామంది ఏం చేస్తారు? గిన్నె ఎత్తి చిల్లుల గిన్నెలోకి వంపేస్తారు. దిగిన మట్టి మళ్లీ ఆకు మీదికే వస్తుంది! అలా కాదు, ఆకుల్ని చేత్తో పైకి తీయాలి. నీళ్లు పారబోయాలి. మళ్లీ కొత్త నీళ్లు. గిన్నె అడుగు వేలితో తడిమితే ఇసుక తగలనంతవరకు, మూడుసార్లయినా నాలుగుసార్లయినా. చివరిసారి తాగే నీళ్లతో. సబ్బు, గిన్నెలు తోమే ద్రవం వాడేవాళ్లున్నారు, దయచేసి వద్దు. ఆకు, కాయ వాటిని పీల్చుకుంటాయి. కాయలైతే పంపు కింద పెట్టి చేత్తో రుద్ది కడగండి. చెక్కు తీసే కాయైనా సరే, చెక్కు తీయకముందే కడగాలి. లేకపోతే చాకు పైనున్న మట్టిని లోపలికి మోసుకుపోతుంది.

క్యాబేజీ సంగతి ఒక వదినగారు ముందే చీటీ రాసి పంపారు. పచ్చి క్యాబేజీ తింటే మెదడులోకి పురుగు వెళ్తుందట, నిజమేనా అని. ఆకులో కనపడే ఆకుపచ్చ పురుగు ఎవరి మెదడులోకీ వెళ్లదమ్మా. భయపడాల్సింది వేరే ఉంది. బద్దెపురుగు గుడ్లు, కంటికి కనపడనంత చిన్నవి. మనిషి మలం కలిసిన నీళ్లు పారిన పొలంలోంచి, కడుక్కోని చేతులనుంచి కూరగాయకు అంటుకుంటాయి. అవి ఏ కూరకైనా అంటుకోవచ్చు, క్యాబేజీ ఒక్కటే దోషి కాదు. క్యాబేజీ పచ్చిగా తినాలంటే పై రెండు మూడు పొరలు తీసేసి, మిగతావి రేకు రేకు విడదీసి పారే నీళ్ల కింద కడగండి. ఎక్కడ పండిందో, ఏ నీళ్లు పారిందో మీకు అనుమానంగా ఉంటే వండుకోండి. అందులో నామోషీ ఏమీ లేదు.

మొలకెత్తిన పెసల మాట కూడా చెప్పేస్తాను. మొలక రావాలంటే వెచ్చదనం, తడి కావాలి. సూక్ష్మజీవులకు కావలసిందీ అవే. అందుకని గర్భిణులకు, చిన్నపిల్లలకు, బాగా పెద్దవాళ్లకు, ఒంట్లో బాగాలేనివాళ్లకు పచ్చి మొలకలు పెట్టకండి. ఆవిరి మీద ఉడికించి పెట్టండి.

కడిగాం. తర్వాత? ఆరబెట్టాలి. మన ఇళ్లలో ఎవరూ చేయని పని ఇదే. కడిగిన ఆకును అలాగే తడిగా తరుగుతాం. తడి ఆకు చాకుకు అంటుకుని నలుగుతుంది, పసరు కారుతుంది. ఆ తడి వల్ల ఉప్పూ పులుపూ ముక్కకు పట్టకుండా గిన్నె అడుక్కి జారిపోతాయి. గుర్తుందా ఏమన్నాను? బయట నీళ్లు ఉండకూడదు. ఆకు తిప్పి ఆరబెట్టే ప్లాస్టిక్ బుట్టలు బజార్లో వస్తున్నాయి, కొనక్కర్లేదు. ఇదిగో, పాత నేత పంచె ముక్క, ఉతికి పెట్టుకున్నది. కొత్తిమీర అంతా మధ్యలో వేశాను. నాలుగు చెంగులూ కలిపి మూటలా పట్టుకున్నాను. కాస్త పక్కకు జరగండి... ఇలా గిరగిరా తిప్పాలి, వడిసెల తిప్పినట్టు. ముందు వరసవాళ్ల మీద చినుకులు పడ్డాయి కదా? ఆ నీళ్లన్నీ మీ సలాడ్‌లోకి పోయేవి! ఇంట్లో బాల్కనీలోకి వెళ్లి పదిసార్లు తిప్పండి. పిల్లలకివ్వండి, సరదాగా తిప్పుతారు. తర్వాత బట్ట విప్పి, ఫ్యాను కింద అయిదు నిమిషాలు.

తరగడం. ఆకుకూర దగ్గర చాకు పదునే సగం రుచి. మొండి చాకు ఆకును కోయదు, నలిపేస్తుంది. నలిగినచోట పుదీనా పది నిమిషాల్లో నల్లబడుతుంది. అరిగిన కత్తిపీటైనా అంతే, సానబెట్టించుకోండి. పుదీనా ఆకులు పదో పదిహేనో ఒకదాని మీద ఒకటి పెట్టి, బీడీ చుట్టినట్టు చుట్టి, ఒక్కో కోత ఒక్కసారే, దారాల్లా కోయండి. కోసిందాన్నే మళ్లీ మళ్లీ టకటకా కొట్టకండి. కొత్తిమీరైతే లేత కాడలు పారేయకండి, ఆ కాడలోనే కరకరా ఉంది, వాసనా ఉంది.

కీరలో గింజల గుజ్జు ముదిరితే చెంచాతో గీకేయండి, నీరు కారేది అక్కడినుంచే. టమోటా కూడా అంతే, గుజ్జు తీసి చారులోకి వాడుకోండి, కండ మాత్రం సలాడ్‌లోకి. తరిగేముందు ప్రతి దోసకాయా కొస కోసి నాలిక మీద పెట్టి చూడండి. మా అమ్మమ్మ చేదు చూడకుండా దోసకాయ ముట్టుకునేది కాదు. ఆ చేదు ఊరికే రాదు, అది మొక్క తన్ను తాను కాపాడుకోవడానికి చేసుకునే విషం. దోసకు చుట్టమే అయిన సొరకాయ చేదుగా ఉంటే, దాని రసం తాగి మన దేశంలో ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. కొంచెం చేదైతే ఉప్పు రుద్ది తినేద్దాం అనుకోకండి. గట్టి చేదు తగిలితే కాయంతా పారేయండి. ఉల్లిపాయ ఘాటు పడనివాళ్లు సన్నగా కోసి చల్లటి నీళ్లలో అయిదు నిమిషాలు ఉంచి, పిండకుండా వార్చేసి ఆరబెట్టండి. బీట్‌రూట్ వేస్తే విడిగా ఉంచి వడ్డించేటప్పుడే పైన చల్లండి, లేకపోతే గిన్నెంతా దాని రంగే.

ఎంత ఆకు వేయాలి? ఇక్కడ నాకొక పట్టింపు ఉంది. కొత్తిమీరను మనం కొసరు సరుకు చేసేశాం. కూరగాయలు కొన్నాక బండివాణ్ణి కొసరు అడిగి తెచ్చుకుంటాం, కూర దించాక పైన నాలుగు ఆకులు చల్లుతాం. గల్ఫ్‌లో ఉండి వచ్చినవాళ్లు ఇక్కడ ఇద్దరు ముగ్గురు ఉన్నారు కదా, లెబనాన్‌వాళ్ల తబూలే తినే ఉంటారు. అందులో ఏముంటుంది? గిన్నెడు పార్స్‌లీ, అది చూడ్డానికి మన కొత్తిమీరలాగే ఉంటుంది. పుదీనా, టమోటా, నిమ్మరసం, ఆలివ్ నూనె. గోధుమ రవ్వ ఏదో గుప్పెడు. అక్కడ ఆకే అసలు కూర. వాళ్లదే ఫత్తూష్ అని ఇంకొకటి ఉంది, అందులో ఏ ఆకు వేస్తారో తెలుసా? మన గంగవాయిలి కూర! మనం పప్పులో వేసుకునే గంగవాయిలి, గట్ల మీద కలుపులా మొలిచేది, వాళ్లు పచ్చిగా తింటారు. లేత చివుళ్లు నోట్లో వేసుకుంటే చిన్న పులుపు, పంటి కింద చిట్లుతాయి. అయితే మూత్రపిండాల్లో రాళ్లున్నవాళ్లు దాని జోలికి వెళ్లకండి, ఆ రాళ్లను పెంచే ఆక్జలేట్ అందులో ఎక్కువ. మిగతావాళ్లు లేత గంగవాయిలి దొరికినరోజు ఒక గుప్పెడు కలిపి చూడండి.

మన హైదరాబాదు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా, ఆకుకూరలతో కలిపి మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు తినమని వాళ్లు చెప్తున్నారు. రెండు గరిటెల కూర తిని చాలనుకుంటే అక్కడికి చేరం. పూటకో గిన్నె ఇలాంటిది పడితే చేరతాం. నిమ్మరసం మర్చిపోకండి, ఆకుకూరలో ఇనుము ఒంటికి పట్టడానికి నిమ్మలోని సి విటమిన్ సాయం చేస్తుంది. తినగానే టీ తాగితే ఆ సాయం దండగ, గంట ఆగండి. కొంచెం నూనో, కొబ్బరో, పల్లీలో కూడా ఉండాలి. క్యారెట్‌లో ఒంటికి మేలు చేసేది కొవ్వు ఉంటేనే కరుగుతుంది.

టైమెంత? ఆరూ నలభై అయిదు. గిన్నెల దగ్గరికి వద్దాం. బాబూ, ఆ ఎడమ గిన్నె ఎత్తి అందరికీ చూపించు. అడుగున కనపడుతున్నాయా? ఆ నీళ్లు నేను పోయలేదు. ఒంపి కొలుద్దాం... ఒకటి, రెండు... రెండు పెద్ద చెంచాలు దాటింది. ఇవి ఎక్కడివి? ముక్క లోపలివి. బయట ఉప్పు చేరేసరికి, లోపలి నీళ్లు దాని దగ్గరికి పరుగెత్తుకొచ్చాయి. ఊరగాయకు మనం కావాలని చేసేది ఇదే, ఉప్పులో ఊరబెట్టి నీరు తీస్తాం. అక్కడ అది విద్య. ఇక్కడ అదే నష్టం. ఇప్పుడు కుడి గిన్నెలో ముక్క తీసి ఇలా విరుస్తాను. వినపడిందా? వెనకవాళ్లకు? ఇది ఎడమ గిన్నె ముక్క. చూడండి, వేలికి చుట్టుకుంటోంది.

నిమ్మరసం కూడా చివర్నే. పులుపు తగిలిన ఆకుపచ్చ ఎక్కువసేపు నిలవదు, గడ్డి రంగుకు తిరుగుతుంది. కాబట్టి ముక్కలు ముందే తరిగి, మూత పెట్టి చల్లగా ఉంచుకోండి, తప్పు లేదు, గంటా రెండు గంటలు. ఉప్పూ నిమ్మరసం మాత్రం విస్తరి వేశాక.

ఇప్పుడు కలుపుతాను, కొలతలు రాసుకునేవాళ్లు రాసుకోండి. నలుగురికి లెక్క. పెసరపప్పు చిన్న టీ గ్లాసుడు, ముప్పావుగంట నానబెట్టి, నీళ్లు వార్చేసి బట్ట మీద ఆరబెట్టింది. గోరు గుచ్చితే దిగాలి, చిదిపితే మాత్రం పిండి కాకూడదు. కీర రెండు, చిన్న ముక్కలు. క్యారెట్ ఒకటి, తురమకండి, తురిమితే నీరు వదులుతుంది, అగ్గిపుల్లల్లా కోయండి. పచ్చి మామిడికాయ సగం, పులుపును బట్టి. కొత్తిమీర పెద్ద కట్ట ఒకటి, మొత్తం! పుదీనా గుప్పెడు. పచ్చిమిర్చి రెండు, అల్లం చిన్న ముక్క. పచ్చికొబ్బరి రెండు చెంచాలు. పల్లీలు వేయించి పొట్టు తీసి బరకగా దంచినవి గుప్పెడు, ఇవి కూడా చివర్నే, ముందే వేస్తే నాని మెత్తబడతాయి.

తిరగమోత ఇంట్లో పెట్టి తెచ్చాను. చెంచాడు నువ్వుల నూనె, ఆవాలు, చిటికెడు ఇంగువ, ఒక ఎండుమిర్చి. పూర్తిగా చల్లారింది, చెయ్యి పెట్టి చూశాను. వేడిగా పోస్తే ఆకు అక్కడికక్కడే ఉడికిపోతుంది. కలిపేది చేత్తోనే, గరిటె వద్దు. చెయ్యి శుభ్రంగా కడుక్కుని, వేళ్లు విడదీసి, కిందినుంచి పైకి ఇలా ఎత్తి వదలడం. పిసకకూడదు. పులిహోర కలిపేవాళ్లకు ఈ చెయ్యి వచ్చే ఉంటుంది.

ముందు నూనె వేసి కలిపాను, చూశారా? ముక్క మీద పలచగా నూనె ఉంటే ఉప్పు వెంటనే నీరు లాగలేదు, కొన్ని నిమిషాలు మనకు కలిసొస్తాయి. ఇప్పుడు అరచెక్క నిమ్మకాయ. పల్లీలు. ఇదిగో ఉప్పు, ముప్పావు టీస్పూను. వేశాను, కలిపాను. ఇక నేను మాట్లాడకూడదు, మీరు కూర్చోకూడదు. ప్రశ్నలు తింటూ అడగండి. దొన్నెలు ఆ మూల బల్ల మీద ఉన్నాయి, పిల్లల్ని ముందు రానివ్వండి. ఎడమ గిన్నె ముక్కలు కూడా పక్కనే పెట్టాను, రెండూ రుచి చూడండి. త్వరగా రండమ్మా, ఉప్పు పడి అప్పుడే నిమిషం అయింది.